ఎర్ర మచ్చ కింద సంతకం

ఫ్లెక్సీలో ఆయన బతికున్నప్పటికంటే తెల్లగా ఉన్నారు. వెనకాల గుండ్రటి భూమి, దాని పైన ఒక ఉపగ్రహం, భుజం పక్క నుంచి నోరు తెరుచుకున్న పెద్ద పగులు. కింద "భూకంపాన్ని ముందే పసిగట్టిన మేధావికి అశ్రునివాళి" అని వేయించారు. జనగామలో మా కాలేజీ గేటుకు కట్టిన ఆ ఫ్లెక్సీ చూడగానే నాకు నవ్వొచ్చింది. పోయినవాళ్లను చూసి నవ్వకూడదని మా అమ్మ నేర్పింది. అయినా ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పక్కన మా అన్న ఉన్నాడు. మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి నర్సింహులపేట దగ్గరి మా ఊరి నుంచి ముందు రోజే వచ్చాడు. సంతాప సభ అయ్యాక దవాఖానకు పోదామన్నాను. "నేను గూడ సభకు వస్త తియ్యి, నాకెరుకైన సారే గదా" అని వెంట వచ్చాడు. అన్న నవ్వలేదు. ఆ ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా చూసి, భుజం మీది తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు.

ఆయన పేరు రాయను. రాస్తే శిష్యులు ఇంటి మీదికి వస్తారు. కాలేజీలో అందరూ "భూకంపం సారు" అనేవాళ్లు కాబట్టి పేరుతో పెద్దగా పని కూడా లేదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారు. రిటైరై ఇంటి దగ్గర ఉంటూ, మొన్న గుండెపోటుతో పోయారు. ఆయన అందరికీ ఇచ్చే హెచ్చరికలా ఇరవై ఒక్క రోజుల ముందు కాదు గదా, ఇరవై ఒక్క నిమిషాల ముందు కూడా ఆయనకు ఏ సూచనా అందలేదని వాళ్లింటివాళ్లు చెప్పారు.

ఆయన భూగోళశాస్త్రం చెప్పేవారు, నేను వృక్షశాస్త్రం. పదకొండేళ్లు ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు ఉండేది, అంచుదాకా నీళ్లతో. అది తాగడానికి కాదు. మా కాలేజీ వెనకాలే రైలు పట్టాలు. రైలు వచ్చిన ప్రతిసారీ గ్లాసులో నీళ్లు వణికేవి. ఆయన మాట్లాడుతున్నవారు మాట్లాడుతున్నట్టే ఆగి, అరచెయ్యి బల్లకు ఆనించి, కళ్లు మూసుకుని, తర్వాత గడియారం చూసి డైరీలో రాసుకునేవారు.

"రైలు సార్" అనేదాన్ని.

"రైలే మేడమ్. కానీ, రైలు మాత్రమేనా?" అనేవారు.

ఆ "మాత్రమేనా" ఆయన ఊతపదం. దాన్ని పలికేటప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేచేది, ముక్కు కొంచెం కిందికి దిగేది. ఎదుటివాడు అక్కడితో ఆగిపోవాలని ఆయన ఉద్దేశం. చాలామంది ఆగిపోయేవాళ్లు కూడా. ఒకసారి అటెండర్ యాదమ్మ ఎండన పడి వచ్చి, ఏమీ ఆలోచించకుండా ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. ఆయన ముఖం మాడిపోయింది. "నువ్వు తాగింది నీళ్లు కాదమ్మా, ఒక పరికరాన్ని తాగేశావు" అన్నారు. యాదమ్మ గ్లాసును తిరగేసి చూసి, "సప్పగనే ఉన్నయి సార్" అని వెళ్లిపోయింది. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు ఆయన.

జిరాక్సు కాగితాల మీద ఆకుపచ్చ సిరా సంతకం కావాలంటే పిల్లలు మా ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గరికి రావలసిందే. ఆయన అసలు కాగితం చూపించమని, అది పోతే ఇంకేదో తెమ్మని వాళ్లను మూడుసార్లు తిప్పేవారు. నేను చూడకుండానే పెట్టేదాన్ని. అందుకే నా బల్ల దగ్గర ఎప్పుడూ రద్దీ. ఈ ఒక్క విషయంలో పిల్లల ముందు ఆయనకంటే నేను మంచిదాన్నని నాకు కొంచెం గర్వంగా ఉండేది.

ఉపగ్రహాల పిచ్చి ఆయనకు హైదరాబాదులో పది రోజుల శిక్షణకు పోయొచ్చాక పట్టింది. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక లాప్‌టాప్ కొనుక్కుని, భూమి మీద దేవుడు తనకొక్కడికే పైనుంచి చూసే హక్కు ఇచ్చినట్టు వచ్చారు. నేల ఎక్కడ ఎంత వేడిగా ఉందో ఉపగ్రహం తీసిన చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. వాటిని దింపుకుని రంగులు వేసేవారు. చల్లటి చోట నీలం, మామూలు చోట ఆకుపచ్చ, వేడి చోట ఎరుపు. నీలం ఆయనకు అక్కర్లేదు. ఎరుపు కనబడితే స్టాఫ్ రూములో అందరికీ చాయ్ చెప్పేవారు.

ఎరుపు కనబడకపోతే? నేను ఒకరోజు ఆయన వెనకాల నిలబడి చూశాను. ఏ వేడి నుంచి ఎరుపు మొదలవ్వాలో నిర్ణయించేది ఆయనే. పటమంతా ఆకుపచ్చగా వస్తే ఆ గీతను కొంచెం కిందికి జరిపేవారు. ఇంకా రాకపోతే ఇంకొంచెం. ఏదో ఒక మూల ఎర్ర మచ్చ తేలేదాకా జరిపి, తేలగానే కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా?" అనేవారు. చూశాను కాబట్టే ఆ రోజు నుంచి ఆయన చాయ్ తాగడం మానేశాను.

తర్వాత జామెట్రీ బాక్సులోంచి కంపాసు తీసి, ప్రింటు మీద ఎర్ర మచ్చ చుట్టూ పెన్సిలుతో వలయం గీసేవారు. దాన్ని ఫోటో తీసి "వచ్చే ఇరవై ఒక్క రోజులు అప్రమత్తంగా ఉండండి" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవారు. ఇరవై ఒక్క రోజులు గడిచేవి. ఏమీ అయ్యేది కాదు. "ఒత్తిడి నిశ్శబ్దంగా విడుదలైంది" అని మరో మెసేజి. ఎక్కడో సముద్రం అవతల భూమి కదిలితే మాత్రం, పాత ప్రింటు తీసి వలయాన్ని పెద్దది చేసేవారు. అంత వీలున్న శాస్త్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

నిజానికి ఆ వెతుకులాటలో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. లోపల రాళ్ల మీద ఒత్తిడి పెరిగితే పైన నేల వేడెక్కుతుందేమో, పగుళ్ల నుంచి వాయువులు వస్తాయేమో, గాలిలో తేమ మారుతుందేమో అని ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని ఏళ్ల తరబడి ఓపిగ్గా చూసేవాళ్లున్నారు. వాళ్లు చెప్పేది ఏమిటంటే, కొన్నిసార్లు ఏదో కనిపిస్తోంది, కొన్నిసార్లు కనిపించడం లేదు, దాన్ని నమ్మి ఊళ్లు ఖాళీ చేయించేంతగా తెలియదు అని. తెలియదు అనే ఆ మాట మా సారు నోట ఒక్కసారి విని ఉంటే నేను ఇదంతా రాసేదాన్ని కాదు.

మొదట్లో ఆయన పటంలో భూపాలపల్లి దగ్గర ఒక మచ్చ ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉండేది. అక్కడ పెద్ద ప్రమాదం పొంచి ఉందని క్లాసులో గంటసేపు చెప్పారట. ఆ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, గది మా చెల్పూరు కరెంటు ప్లాంటు సార్. మా నాయిన గండ్లనే పని చేస్తడు. గాడ ఎప్పటికీ వేడే ఉంటది" అంది. క్లాసంతా గొల్లుమంది. సారు కనుబొమ్మ లేచింది. "వేడి ప్లాంటుదే. కానీ ప్లాంటుది మాత్రమేనా?" ఆ ఏడాది ఇంటర్నల్ మార్కులు తగ్గాయని ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి ఏడ్చింది.

ఏడిపించారు గాని, ఆ పిల్ల మాట మాత్రం ఆయన దొంగచాటుగా వాడుకున్నారు. అప్పటినుంచి పద్ధతి మారింది. ఒక చోట వేడి ఎంత ఉందని కాదు, గత ఏళ్లలో ఇదే వారం అక్కడ ఉన్న వేడికంటే ఇప్పుడు ఎంత ఎక్కువ ఉందని చూడటం మొదలుపెట్టారు. ప్లాంటు ప్రతి ఏడూ వేడిగానే ఉంటుంది కాబట్టి చెల్పూరు మచ్చ మాయమైంది. తేడా ఉన్న చోటే ఇప్పుడు ఎరుపు. ఇది మంచి పద్ధతే. చేతికి మంచి పనిముట్టు దొరికినా మనిషి మాత్రం అదే మనిషి.

ఆయన గొప్పవాడైంది ఒక డిసెంబరు పొద్దున. కాలేజీ పిల్లల సేవా శిబిరం భూపాలపల్లి అవతల ఒక ఊరి బడిలో పెట్టారు. పిల్లలు నలభై మంది, మేమిద్దరం, వంటకు ఆ ఊరి మల్లమ్మ. బడి పక్క రోడ్డు మీద బొగ్గు లారీలు తెంపు లేకుండా పోతుండేవి. పొద్దున్నే వరండాలో అందరం ఉప్మా తింటున్నాం. ఒక మూల పేర్చిన పళ్లేలు గలగలమన్నాయి. తర్వాత తలుపు రెక్కలు కొట్టుకున్నాయి. తర్వాత నా కింది నేల ఎవరో చాప లాగినట్టు కదిలింది.

మా సారు చేతిలో పళ్లెంతో అలాగే కూర్చుని ఎడమ చెయ్యి పైకెత్తారు. "కంగారు పడకండి! లారీ! లారీ మాత్రమే!" అని అరిచారు.

ఇన్నేళ్లుగా ప్రతి రైలులోనూ ప్రతి లారీలోనూ భూకంపం చూసిన మనిషి, అసలు భూకంపం వచ్చి ఆయన పళ్లెంలో ఉప్మా కదిలిస్తుంటే లారీ అన్నాడు. నా చెవులతో విన్నాను.

మల్లమ్మ గరిటె విసిరేసింది. "లారీ ఏడిది సార్, భూమి ఊగుతుంటే! పోరలూ, బయటికి ఉర్కుండ్రి! గోడ పక్కకు నిలబడకుండ్రి, నడిమిట్లకు రాండ్రి!" అని రెక్కలు పట్టుకుని ఒక్కొక్కరినీ మైదానంలోకి తోసింది. నన్ను కూడా తోసింది. అంతా కొన్ని క్షణాలే. ఎవరికీ ఏమీ కాలేదు. చివరికి సారు కూడా వచ్చారు, పళ్లెం వదలకుండా.

పిల్లల వణుకు ఇంకా తగ్గకముందే ఆయన లాప్‌టాప్ తెరిచారు. అంతకుముందు వారం గీసిన ఎర్ర మచ్చ ఎక్కడో దక్షిణాన ఉంది. భూకంప కేంద్రమని ఫోన్లలో వస్తున్న అడవి వైపు ఆయన పటంలో చల్లగా, పచ్చగా ఉంది. వలయం పెద్దది చేయబోతే కంపాసు కాళ్లు అంత దూరం సాగలేదు. నన్ను అడిగి సూదీదారం తీసుకుని, పెన్సిలుకు దారం కట్టి, ఒక కొసను మచ్చ మీద బొటనవేలితో అదిమిపెట్టి గీశారు. దారం ఇచ్చింది నేనే.

మధ్యాహ్నానికి టీవీ వాళ్లు వచ్చారు. మర్నాడు పేపర్లలో ఆయన ఫోటో, చేతిలో ఆ ప్రింటు. మల్లమ్మ ఎక్కడా లేదు. లారీ మాట నలభై మంది పిల్లలు విన్నారు, ఒక్కరూ బయట చెప్పలేదు. సారు చేతిలో మార్కులుంటాయి. నా మార్కులు ఆయన చేతిలో లేవు, అయినా నేనూ చెప్పలేదు. ఇంట్లో మా ఆయనకు మాత్రం ఆ "లారీ మాత్రమే" అనుకరించి చూపించి కడుపుబ్బ నవ్వించాను.

ఆ తర్వాతి యాసంగిలో, వరి పొట్టకొచ్చే రోజుల్లో, ఒక పొద్దున ఆయన నా బల్ల మీద పెద్ద ప్రింటు పరిచారు. "మేడమ్, ఇది మీ వైపే" అన్నారు. నర్సింహులపేట నుంచి మా ఊరి మీదుగా బారుగా ఎర్ర మచ్చ. అంత ముదురు ఎరుపు ఆయన పటాల్లో నేనెప్పుడూ చూడలేదు. ఈసారి గీత కిందికి జరపాల్సిన అవసరం కూడా రాలేదట.

నాకు చూడగానే తెలిసిపోయింది. ఆ మచ్చ కాలువ వెంట వస్తోంది. ఒక తూము దగ్గర మొదలై, పొలం గట్ల ప్రకారం తిన్నగా మలుపులు తిరుగుతోంది. భూమి లోపలి పగుళ్లకు మా ఊరి గట్లు ఎట్లా తెలుస్తాయి? ప్రతి ఏడూ ఆ వారం ఆ మడుల్లో పాదం మునిగేంత నీళ్లుంటాయి, నేల తడిగుడ్డలా చల్లగా ఉంటుంది. ఆ ఏడు కాలువ చివరికి నీళ్లు రాలేదు, బోర్లు ఎండిపోయాయి. అన్న ఫోను చేసిన ప్రతిసారీ అదే చెబుతున్నాడు. నీళ్లున్న ఏళ్లతో నీళ్లు లేని ఏడును పోల్చితే ఎరుపు కాక ఇంకేం వస్తుంది?

"సార్, అక్కడ వరి ఎండుతోంది. నీళ్లు రాలేదు" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. కనుబొమ్మ లేచింది. "నీళ్లు రాకపోవడం మాత్రమేనా, మేడమ్?"

ఆదివారం కారు మాట్లాడుకుని వెళ్లాం. దారి చూపడానికి నన్ను తీసుకెళ్లారు. ఊళ్లో ఆయన్ను చూడటానికి జనం వచ్చారు, టీవీలో కనిపించిన సారు గదా. దూరం నుంచి వేడి చూపించే పిస్తోలు లాంటి పరికరం ఒకటి కొత్తగా కొన్నారు. ఎండి నెర్రెలు బారిన మడిలోకి దిగి, దాన్ని నెర్రెల్లోకి గురిపెట్టి, అంకెలు చదువుతూ, "అబ్బ! చూడండి, చూడండి!" అని పొంగిపోయారు. పక్కన వరి ఆకు చుట్ట చుట్టుకుని తెల్లబడుతోంది. ఆయన బూటు కింద రెండు దుబ్బులు నలిగాయి. చూసుకోలేదు.

గట్టెక్కి, ఇరవై ఒక్క రోజులు ఎవరూ ఇళ్లల్లో పడుకోవద్దని ప్రకటించారు. మా పెద్దవ్వ వరసయ్యే ఒకావిడ, "ఇండ్లల్ల పండినా నిద్ర ఏడొస్తుంది సార్, మడి గిట్ల ఎండుతుంటే" అంది. ఆయన ఆమెను పట్టించుకోలేదు.

అన్న మాత్రం ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని కదలకుండా నిలబడ్డాడు. ఏడో తరగతి దాటనివాడు. పటాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి కాలువకు సరిగ్గా పట్టుకున్నాడు. వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. "సార్, గిది మా తూము. గీడిదాక పచ్చగున్నది సూడుండ్రి, గీడిదాకనే నీళ్లచ్చినయి. గీ బొట్టు మా బాయి కాడి మడి. గీడికెల్లి అంత ఎర్రగున్నది. గీ పటం ఉన్నదున్నట్టు చెప్తుంది సార్."

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"కాలువ ఆఫీసుల అడిగితే ఆఖరి తూము దాక నీళ్లిచ్చినం, కాగితంల ఉన్నది అంటుండ్రు. మేము ఒర్రితే ఎవరింటరు? గీ పటం కింద, గీ ఎర్రగున్న జాగల నీళ్లు రాలేదని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టియ్యుండ్రి సార్. పట్టుకపోయి వాళ్ల ముంగట పెడుత. ఒక్క తడి ఇడిస్తే సాలు, గింజ నిలుస్తది. ఐదారు రోజులే ఉన్నది సార్, అటెన్క ఇచ్చినా లాభం లేదు."

ఊరంతా ఆయన ముఖం వైపు చూసింది. ఒక పెన్ను, ఒక నిమిషం. ఆయన జీవితం మొత్తంలో ఆ పటాలు ఒకరికి పనికొచ్చే సమయం అదొక్కటే.

"ఇది నీటి పటం కాదు నాయనా" అన్నారు. "నేను సాగునీటి మనిషిని కాను. ఇది నీళ్లు లేక వచ్చిన ఎరుపు అని నా చేత్తో నేనే రాస్తే, రేపు నా పరిశోధన ఏం కావాలి?" అన్న చేతిలోంచి ప్రింటు మెల్లగా లాక్కుని, చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసుకున్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. పై అధికారి కాదు గాని, నాకంటే సీనియర్. పదిమందిలో ఏం మాట్లాడతాం? పోయేముందు మా వదిన ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, ఉప్పు సరిపోలేదన్నారు ఆయన.

ఆ రాత్రి అన్న ఫోను చేశాడు. "చెల్లె, సారు పెట్టకపాయె. నువ్వు పెట్టరాదు? నీది గూడ పచ్చ సిరా సంతకమే గదా" అన్నాడు. పటం సారుది, నా సంతకానికి ఏం విలువ ఉంటుంది, పైగా ప్రభుత్వ ఉద్యోగం, ఇంకో ఆఫీసు మీద రాసినట్టవుతుంది అని చెప్పాను. "సరే తియ్యి" అన్నాడు. ఎనిమిదో రోజు మళ్లీ ఫోను. "గొర్లను తోలిన మడిలకు" అన్నాడు, అంతే. పొట్టతో ఉన్న వరిని గొర్రెలు ఒక్క పూటలో మేసేశాయట. ఊరివాళ్లంతా అదే చేశారు. వదిన ఆ పొద్దు గట్టు మీదికి కూడా పోలేదట.

భూకంపం రాలేదు. ఒత్తిడి నిశ్శబ్దంగా విడుదలైందని సారు మెసేజి పెట్టారు.

ఆ తర్వాత ఆయన ఎదురుగా కూర్చున్న రోజులన్నీ ఆ మనిషిని చూస్తేనే నాకు వెగటు. గ్లాసు వెగటు, కంపాసు వెగటు, ఆ కనుబొమ్మ మరీ వెగటు. ఆయన రిటైరైన రోజు స్టీలు గ్లాసును యాదమ్మకు ఇచ్చేశాను. ఇప్పుడు అందులో చాయ్ పోసుకుని తాగుతుంది.

సంతాప సభ సెమినార్ హాల్లో. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి రెండు మాటలు మాట్లాడమన్నారు. లారీ సంగతి చెబుదామని పొద్దుటి నుంచి నాలుక చివరే పెట్టుకున్నాను. మైకు పట్టుకున్నాక, "ఆయన దూరదృష్టి గల మనిషి, భూమి గుండెచప్పుడు విన్న మనిషి" అన్నాను. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది, ఆయన మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

హాలు చివర శిష్యులు ఆయన పటాలను గోడకు వరసగా అంటించారు. అన్న ఒక పటం ముందు నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి చూస్తే అదే, రబ్బరు బ్యాండు మరక ఇంకా ఉంది. కింద "నర్సింహులపేట ప్రాంతంలో భూకంప సూచనలు" అని అట్ట ముక్క మీద రాసి పెట్టారు. అన్న వేలు తన మడి మీద ఉంది.

కాసేపటికి వేలు తీసి, ముందుకు నడిచి, బల్ల మీది పళ్లెంలోంచి నాలుగు బంతి రెక్కలు తీసుకుని సారు ఫోటో ముందు వేసి దండం పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి రాగానే పట్టుకున్నాను.

"నీ పొలం గొర్లపాలు చేసిన మనిషికి పూలేస్తవా అన్నా? ఒక్క సంతకం పెట్టలేదు గదా ఆయన!"

అన్న మెట్లు దిగుతూ మోకాలు పట్టుకుని ఆగాడు. గొంతులో కోపం ఏమీ లేదు.

"ఆయనకు నేల సంగతి తెల్వది చెల్లె. గది భూకంపమే అని నిజంగ నమ్మిండు. తెల్వనోడు పెట్టకపోతే ఏమంటం?" అన్నాడు. "నీకు తెలుసు గదా."

అన్న తువ్వాల భుజాన వేసుకున్నాడు. "పా, దవాఖాన బందైతది" అని ముందు నడిచాడు.

మెట్ల కింద డిగ్రీ ఫైనలియర్ అమ్మాయిలు ఇద్దరు జిరాక్సు కాగితాలు పట్టుకుని నా కోసమే నిలబడి ఉన్నారు. "మేడమ్, అటెస్టేషన్" అన్నారు. బ్యాగులో చెయ్యి పెట్టాను. ఆకుపచ్చ పెన్ను ఎప్పుడూ ఉండే చోటే ఉంది.